సూది మొన ఎక్కడ?

పిల్లలూ! మీలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు కాలిలో ముల్లు గుచ్చుకునే ఉంటుంది. అప్పుడు ఏం జరిగిందో ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. మీరు కుంటుకుంటూ ఇంటికి వచ్చారు. అమ్మ మిమ్మల్ని వెలుతురుగా ఉన్న చోట, వీధి అరుగు మీద కూచోబెట్టి, మీ పాదం తన ఒళ్లో పెట్టుకున్నది. గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి, "కదలకు! కదిలావంటే నొప్పి పుడుతుంది," అన్నది. మీరు కళ్లు గట్టిగా మూసుకుని పది అంకెలు లెక్కపెట్టేలోపల ముల్లు బయటికి వచ్చేసింది.

ముల్లును ముల్లుతోనే తియ్యాలని మన పెద్దలు సామెత చెప్పారు. కాని అమ్మ చేసిన పనిలో మూడు సంగతులున్నాయి. ముల్లు ఎక్కడున్నదో అమ్మకు కనిపిస్తున్నది. పిన్నీసు మొన ఎక్కడున్నదో అది కూడా కనిపిస్తున్నది. మీరు కదలకుండా ఉన్నారు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా పని చెడుతుంది. చీకట్లో ముల్లు తియ్యమంటే ఏ అమ్మా ఒప్పుకోదు.

ఇప్పుడు మీకు ఒక ప్రశ్న. ఆ ముల్లు చర్మం కింద కాక, ఒంట్లో నాలుగు అంగుళాల లోతున ఉంటే? అక్కడ వెలుతురు లేదు. ముల్లూ కనపడదు, సూది మొనా కనపడదు. అప్పుడు ఏం చెయ్యాలి? డాక్టర్లు ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ చాలా దూరం వచ్చారు. వారికి ఈమధ్య ఒక కొత్త సహాయకుడు దొరికాడు. అతని సంగతి చెప్పటానికే ఈ వ్యాసం.

కనపడని చోట సూది

ఒంటి లోపల ఒక అవయవంలో చిన్న మచ్చ కనిపించిందనుకోండి. అది మంచిదో చెడ్డదో బొమ్మను చూసి మటుకే తేల్చటం చాలాసార్లు సాధ్యం కాదు. అందులోనుంచి కొద్ది కండ తీసి, సూక్ష్మదర్శినిలో చూడాలి. దీన్ని బయాప్సీ అంటారు. ఇందుకు వాడే సూది పక్కన ఒక సన్నని గాడి ఉంటుంది. ఆ గాడిలో సేమియా పోగులాంటి ముక్క, ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవున, తెగి వస్తుంది. ఆ పోగులోనే రోగి భవిష్యత్తు ఉన్నదన్నమాట.

సూది మచ్చలో దిగితే సరే. మచ్చ పక్కన దిగితే? అప్పుడు వచ్చిన ముక్క ఆరోగ్యంగానే ఉంటుంది. "ఏమీ లేదు," అని కాగితం వస్తుంది. రోగి సంతోషంగా ఇంటికి వెళతాడు. రోగం మటుకు ఉన్నచోటనే ఉంటుంది!

ఇది ఊహించి చెబుతున్నది కాదు. నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో మా బళ్లో ఒక డ్రిల్లు మాస్టారు ఉండేవాడు. ఆయన ఈల ఊదితే నాలుగు వందల మంది పిల్లలు ఒక్కసారిగా నిలబడేవాళ్లు. ఉద్యోగం నుంచి విరమించిన తరవాత ఆయనకు ప్రోస్టేట్ గ్రంథిలో ఏదో ఉన్నదని అనుమానం వచ్చింది. ఇది మగవారికి మూత్రాశయం కింద ఉండే గ్రంథి, పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. సూదితో ముక్కలు తీసి చూసి, ఏమీ లేదన్నారు. ఆయన మా వీధిలో అందరికీ మిఠాయి పంచాడు. ఏడాది తరవాత మళ్లీ పరీక్ష చేస్తే జబ్బు బయటపడింది. ఇంకా ముదరలేదు గనక వైద్యం చేశారు. ఇప్పుడు మళ్లీ పొద్దున్నే నడకకు వస్తున్నాడు. కాని ఆ ఏడాది వృథాగా పోయిందే అని ఆయన భార్య ఇప్పటికీ అంటుంది. ఇందులో ఎవరినీ తప్పు పట్టటానికి లేదు. కనపడని చోట సూది గుచ్చవలసి వస్తే అప్పుడప్పుడూ గురి తప్పుతుంది.

కొయ్యకుండా చూడటం

ఒంటిని కొయ్యకుండా లోపల చూడవచ్చునని మొట్టమొదట చూపినవాడు జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు రాంట్‌జెన్. ఆయన 1895లో ఎక్సురేలను కనిపెట్టి, తన భార్య చేతి ఎముకలను, వేలి ఉంగరాన్ని ఫొటో తీశాడు. ఎక్సురే ఎముకలను చక్కగా చూపుతుంది. కాని మెత్తని కండలో ఒక భాగానికీ ఇంకో భాగానికీ ఉండే తేడాను అంత బాగా చూపలేదు.

ఈ కొరత తీర్చినది ఎమ్.ఆర్.ఐ. యంత్రం. 1973లో అమెరికాలోని స్టోనీబ్రూక్‌లో పనిచేస్తున్న పాల్ లాటర్‌బర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు నీళ్లు నింపిన రెండు సన్నని గాజుగొట్టాల బొమ్మను అయస్కాంతం సాయంతో తీశాడు. దాన్ని గురించి ఆయన రాసిన వ్యాసాన్ని నేచర్ పత్రికవారు మొదట తిప్పి పంపారు! ఆయన పట్టు వదలక మళ్లీ పంపితే అచ్చువేశారు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో పీటర్ మాన్స్‌ఫీల్డ్ అనే ఆయన ఈ బొమ్మలను త్వరగా తీసే పద్ధతులు కనిపెట్టాడు. 2003లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో చెబుతాను వినండి. మన ఒంట్లో సగానికి మించి నీరే. నీటిలో హైడ్రోజను ఉన్నది. హైడ్రోజను పరమాణువు నడుమనుండే కేంద్రకం చిన్న అయస్కాంతంలాటిది. మనిషిని పెద్ద అయస్కాంతం మధ్య పడుకోబెడితే ఈ బుల్లి అయస్కాంతాలలో కొన్ని ఒక దిక్కుకు సర్దుకుంటాయి. అప్పుడు సరిఅయిన శ్రుతిలో రేడియో తరంగాన్ని పంపితే అవి ఒరుగుతాయి. తరంగాన్ని ఆపగానే, తిరిగి సర్దుకుంటూ, అవి కూడా సన్నగా రేడియో పాట పాడతాయి. ఆ పాటను యంత్రం వింటుంది.

అయస్కాంతం బలం ఎక్కువైనకొద్దీ ఆ పాట శ్రుతి పెరుగుతుంది. బలాన్ని టెస్లాలలో కొలుస్తారు. 1 టెస్లాకు హైడ్రోజను శ్రుతి 42.58 మెగాహెర్ట్జులు. ఆసుపత్రుల్లో సాధారణంగా 1.5 టెస్లాల యంత్రాలు, 3 టెస్లాల యంత్రాలు ఉంటాయి. వాటి శ్రుతి ఎంతో మీరే హెచ్చవేసి చూడండి. సుమారు 64, 128 వస్తుంది. మన ఎఫ్.ఎమ్. రేడియో స్టేషన్లు 88 నుంచి 108 వరకూ ఉంటాయి గనక, ఎమ్.ఆర్.ఐ. పాట వాటికి కొంచెం కిందా కొంచెం పైనా ఉన్నదన్నమాట.

అయితే ఏ పాట ఒంట్లో ఎక్కడినుంచి వస్తున్నదో ఎలా తెలుస్తుంది? అందుకొక ఉపాయం ఉన్నది. అయస్కాంతం బలాన్ని ఒక కొసన కొంచెం తక్కువగానూ, ఇంకో కొసన కొంచెం ఎక్కువగానూ చేస్తారు. అప్పుడు హార్మోనియం మెట్లలాగా ఒక్కొక్క చోటు ఒక్కొక్క శ్రుతిలో పలుకుతుంది. శ్రుతినిబట్టి చోటు తెలుస్తుంది. ఇలా పొరలు పొరలుగా బొమ్మ తయారవుతుంది.

రెండేళ్ల కిందట నడుము నొప్పి వచ్చి నేను కూడా ఈ యంత్రంలో పడుకున్నాను. గడియారం, తాళంచెవులు, కళ్లజోడు, చివరికి వెండి మొలతాడు కూడా తీయించారు. లోపల ఒకటే మోత! కమ్మరి కొలిమి పక్కన పడుకున్నట్టే ఉన్నది. అయస్కాంతం బలాన్ని అటూ ఇటూ మార్చే తీగచుట్టలలో విద్యుత్తు ప్రతిక్షణం మారుతూ ఉంటుంది. వాటి అదురే ఆ మోత. అసలు పెద్ద అయస్కాంతం మటుకు నిశ్శబ్దంగా ఉంటుంది. దాని తీగలను చాలా యంత్రాలలో ద్రవ హీలియంతో సున్నాకు దిగువన 269 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. రోగి లేనప్పుడు కూడా ఆ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది.

ఇలాటి యంత్రం ఒక గుహలాగా ఉంటుంది. డాక్టరు దగ్గర నిలబడి పనిచెయ్యటానికి చోటుండదు. అమెరికాలో బోస్టన్ నగరంలోని బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో, హంగెరీలో పుట్టిన ఫెరెంక్ జోలెజ్ అనే డాక్టరూ ఆయన తోటివారూ దీన్ని గురించి ఆలోచించారు. రెండు అయస్కాంతపు వలయాలను పక్కపక్కన పెట్టి, వాటి నడుమ డాక్టరు నిలబడే సందు ఉంచిన యంత్రాన్ని వాళ్లు 1994లో వాడసాగారు. అదే ఆసుపత్రిలో 2011లో ఎమ్.ఆర్.ఐ.తో సహా అనేక యంత్రాలు ఒకచోట చేర్చిన శస్త్రచికిత్స గదులు తెరిచారు. వాటి పేరు "అమిగో". స్పానిష్ భాషలో ఆ మాటకు స్నేహితుడని అర్థం.

నల్లని నీడ

ఇక మచ్చ కనిపించింది. సూది కూడా కనిపిస్తే సరిపోతుంది గదా? ఇక్కడే చిక్కు వచ్చిపడింది.

మొదటి సంగతి, మామూలు ఇనప సూదిని ఈ గదిలోకి తీసుకుపోరాదు. అయస్కాంతం దాన్ని బాణంలాగా లాగేస్తుంది. అందుచేత టైటానియంలాటి, అయస్కాంతం లాగని లోహాలతో సూదులు చేస్తారు. కాని లోహంలో నీళ్లు లేవు. నీళ్లు లేని చోట పాట లేదు. పాట లేని చోట బొమ్మలో నలుపు. కనక సూది తెల్లగా మెరుస్తూ కనపడదు, నల్లని గీతలాగా కనపడుతుంది.

అంతటితో అయిపోలేదు. టైటానియం అయస్కాంతానికి అంటుకోకపోయినా, తన చుట్టూ ఉన్న అయస్కాంత బలాన్ని కొద్దిగా చెదరగొడుతుంది. దానితో సూది చుట్టుపక్కల ఉన్న హైడ్రోజను కూడా శ్రుతి తప్పుతుంది. శ్రుతి తప్పినవాళ్ల పాట లెక్కలోకి రాదు. అందువల్ల సూది కన్నా దాని నల్లని నీడ లావుగా ఉంటుంది. సూది ఏ వాలున ఉన్నదో దాన్నిబట్టి నీడ ఆకారం కూడా మారుతుంది. నీడ కొస ఉన్నచోటనే సూది మొన ఉంటుందన్న నమ్మకం లేదు.

పైగా ఒంట్లో నల్లగా కనిపించేది సూది ఒక్కటే కాదు. రక్తం వేగంగా పారే నాళాలు కూడా కొన్నిరకాల బొమ్మల్లో నల్లగా ఉంటాయి. గాలి ఉన్నచోటు కూడా నలుపే.

ప్రోస్టేట్ గ్రంథికి సూది దించేటప్పుడు, మురుకుల గొట్టం బిళ్లలాగా వరసగా రంధ్రాలున్న పలక ఒకటి రోగి ఒంటికి ఆనించి, సరిఅయిన రంధ్రంలోనుంచి సూది పోనిచ్చే పద్ధతి ఒకటున్నది. రంధ్రం సరిగా ఎంచుకుంటే సూది సూటిగా వెళ్లాలి గదా అని మీరనవచ్చు. వడ్రంగి చేతిలో ఉలి చూశారా? దాన్ని ఒకవైపే ఏటవాలుగా నూరుతారు. చెక్కలో దింపితే అది తిన్నగా పోక ఒక పక్కకు ఒరుగుతుంది. సూదుల మొనలు కూడా చాలావరకు అలాగే నూరి ఉంటాయి. అవి మెత్తని కండలో పోతూ పోతూ కొద్దిగా వంగుతాయి. సూది తోపుకు గ్రంథి కూడా పక్కకు జరగవచ్చు.

అందుచేత డాక్టరు సూదిని కొంత దించి, బొమ్మ తీయించి, పొరలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూసి, మొన ఎక్కడున్నదో తేల్చుకుని, అవసరమైతే సూది వెనక్కు తీసి మళ్లీ దించాలి. మళ్లీ బొమ్మ. మళ్లీ వెతుకులాట. ఇంతసేపూ రోగి కదలకుండా పడుకునే ఉండాలి. ముల్లు తీసేటప్పుడు మీరు ఊపిరి బిగబట్టి కూచున్నది ఒక్క నిమిషమే! అందువల్ల ఈ వెతుకులాట ఎంత త్వరగా, ఎంత సరిగా జరిగితే అంత మేలు.

దోసకాయ పాఠం

ఈ వెతుకులాట ఎంత కష్టమో తెలియాలంటే మీరొక పని చెయ్యండి. ఒక పొడుగాటి దోసకాయలోకి కొబ్బరి ఈనెను ఏటవాలుగా గుచ్చండి. ఈనె కొస దోసకాయ మధ్యలోనే ఆగిపోవాలి, అవతలికి రాకూడదు. ఈనె తీసేసి, కాయను అమ్మచేత గుండ్రని ముక్కలుగా తరిగించండి. వరస తప్పకుండా పళ్లెంలో పేర్చుకోండి.

మొదటి ముక్కలో ఒక చిన్న చిల్లు కనిపిస్తుంది. రెండో ముక్కలో అది కొద్దిగా పక్కకు జరిగి ఉంటుంది. మూడో ముక్కలో ఇంకొంచెం. ఈ చిల్లులన్నీ మనసులో కలుపుకుంటే ఈనె పోయిన దారి తెలుస్తుంది. ఎమ్.ఆర్.ఐ. బొమ్మలో డాక్టరు చేసేది కూడా ఇదే.

మరి ఈనె మొన ఎక్కడ ఆగింది? ఆరో ముక్క పైముఖాన చిల్లు ఉండి, అడుగుముఖాన లేదనుకోండి. మొన ఆరో ముక్క లోపల ఎక్కడో ఆగిందని మటుకే చెప్పగలరు. ముక్కలు లావైతే అనుమానం కూడా లావవుతుంది! ఇలాటి బొమ్మల్లో పొర మందం సాధారణంగా 3 మిల్లీమీటర్ల చుట్టుపట్ల ఉంటుంది. ఈ అంకె జ్ఞాపకం ఉంచుకోండి, తరవాత పనికివస్తుంది.

యంత్రానికి ఓనమాలు

ఈ వెతికే పనిని కంప్యూటరుకు అప్పగించవచ్చు గదా అని శాస్త్రజ్ఞులు ఆలోచించారు. కంప్యూటరుకు పని చెప్పాలంటే పూర్వం నియమాలు రాసి ఇవ్వవలసి వచ్చేది. "నల్లగా, సన్నగా, పొడుగ్గా ఉన్నదే సూది," అని రాస్తే అది రక్తనాళాన్ని కూడా సూది అంటుంది. "మరీ లావుగా ఉంటే కాదు," అని రాస్తే వాలు మారి నీడ లావైన సూదిని వదిలేస్తుంది. ఎన్ని నియమాలు రాసినా ఏదో ఒకటి తప్పించుకుపోతుంది.

మీ ఇంట్లో చంటిపిల్లవాడు ఆవును ఎలా గుర్తుపట్టాడు? "నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు, ఒక తోక కలది ఆవు," అని ఎవరూ వాడిచేత వల్లె వేయించలేదు. అలా చెబితే గేదె కూడా ఆవే అవుతుంది! వాడు గేదెను చూసి "ఆవు," అన్నాడు. అక్క "కాదురా, గేదె," అన్నది. అలా పదిసార్లు తప్పి, పదిసార్లు దిద్దించుకుని, చివరకు సరిగా చెప్పటం నేర్చుకున్నాడు. యంత్రానికి కూడా ఈ విధంగానే నేర్పుతున్నారు.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1958లోనే ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు మెదడులోని నాడీకణాలను చూసి, తప్పులు దిద్దుకుంటూ నేర్చుకునే లెక్కల పద్ధతి ఒకటి ప్రకటించాడు. 1980లో జపానులో ఫుకుషిమా అనే ఆయన దాన్ని అంచెలంచెలుగా పేర్చి, బొమ్మలను గుర్తించేలా చేశాడు. 1989లో యాన్ లెకున్ అనే ఆయనా, ఆయన తోటివారూ, కవర్ల మీద చేత్తో రాసిన పోస్టలు అంకెలను యంత్రంచేత చదివించారు. 2012లో ఈ పద్ధతి బొమ్మలను గుర్తించే పెద్ద పోటీలో మిగిలిన పద్ధతులన్నిటినీ వెనక్కు నెట్టింది. ఇలా అనేక అంచెలుగా పేర్చిన లెక్కలచేత యంత్రం నేర్చుకోవటాన్నే డీప్ లెర్నింగు అంటారు. అంచెల వల్ల లోతు వచ్చింది గనక ఆ పేరు.

సూది విషయంలో ఇది ఎలా జరుగుతుందో చూడండి. ఎమ్.ఆర్.ఐ. బొమ్మంటే అసలు అంకెల కుప్ప. ఒక్కొక్క పొరలో పొడుగున 256 గడులు, వెడల్పున 256 గడులు, అలాటి పొరలు 30 ఉన్నాయనుకోండి. మొత్తం 19,66,080 గడులు! ప్రతి గడిలోనూ నలుపు తెలుపులను సూచించే అంకె ఒకటి ఉంటుంది. యంత్రం ఒక చిన్న కిటికీ తీసుకుంటుంది. దాని పొడుగూ వెడల్పూ ఎత్తూ మూడేసి గడులు, అంటే మొత్తం 27 గడులు. ఆ గడుల్లోని అంకెలను కొన్ని గుణకాలతో హెచ్చవేసి, కూడి, జవాబు రాసుకుంటుంది. కిటికీని బొమ్మ అంతటా జరుపుతూ పోతుంది. మొదటి అంచెలోని కిటికీలు నలుపు తెలుపుల అంచులను పట్టుకుంటే, తరవాతి అంచెలు ఆ అంచులను కలిపి గీతలను, గీతలను కలిపి ఆకారాలను పట్టుకుంటాయి. చివరకు ప్రతి గడికీ "సూది", "సూది కాదు" అని జవాబు వస్తుంది.

గుణకాలు ఎంత ఉండాలో ముందుగా ఎవరికీ తెలియదు. మొదట ఏవో అంకెలు వేస్తారు. యంత్రం చెప్పే జవాబు బొత్తిగా తప్పుగా ఉంటుంది. అప్పుడు మనిషి గుర్తుపెట్టి ఇచ్చిన సరిఅయిన జవాబుతో పోల్చి, తప్పు ఎంతో లెక్కకట్టి, ఆ తప్పు తగ్గేలా ప్రతి గుణకాన్నీ ఇసుమంత మారుస్తారు. వైణికుడు వీణ బిరడాలను కొద్ది కొద్దిగా తిప్పుతూ శ్రుతి చేస్తాడే, అలాగే. అయితే వీణకు బిరడాలు ఏడే. ఇక్కడ లక్షల కొద్దీ ఉంటాయి! మళ్లీ బొమ్మ, మళ్లీ జవాబు, మళ్లీ దిద్దుబాటు. కంప్యూటరుకు విసుగు లేదు గనక ఇది సాధ్యమయింది.

కాపీ లేని పరీక్ష

ఇంతకు ముందు చెప్పిన బోస్టన్ ఆసుపత్రిలోనే ఈ పని జరిగింది. అలిరెజా మెహర్‌తాష్ అనే పరిశోధకుడూ, ఆయన తోటివారూ దాని ఫలితాలను 2019లో ప్రకటించారు. 71 మంది రోగులకు ప్రోస్టేట్ బయాప్సీ చేసినప్పుడు, సూది దించిన తరవాత తీసిన 583 బొమ్మలను వాళ్లు తీసుకున్నారు. అంటే సగటున ఒక్కొక్కరికి ఎనిమిది బొమ్మలు. ప్రతి బొమ్మలోనూ సూది దారి ఏదో, మొన ఎక్కడో మనిషి కూచుని చేత్తో గుర్తుపెట్టాలి. 583 బొమ్మలు! ఇన్ని నోటుపుస్తకాలు దిద్దిన ఉపాధ్యాయుడికి దాని కష్టం తెలుస్తుంది.

తరవాత వాళ్లు చేసిన పని నాకు ఎంతో నచ్చింది. బొమ్మలను రెండు కట్టలుగా విడదీశారు. ఒక కట్ట నేర్పటానికి, ఇంకొకటి పరీక్షకు. ఈ విడదీయటం బొమ్మలవారీగా కాక రోగులవారీగా చేశారు. ఎందుకో తెలుసా? ఒకే మనిషి బొమ్మలు ఎనిమిదీ ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. నాలుగు బొమ్మలతో పాఠం చెప్పి, మిగిలిన నాలుగింటితో పరీక్ష పెడితే, క్లాసులో చేయించిన లెక్కలనే పరీక్షలో ఇచ్చినట్టవుతుంది. అప్పుడు నూటికి నూరు వచ్చినా ఆ మార్కులు నమ్మలేం. ఇక్కడ యంత్రం ఎన్నడూ చూడని మనుషుల బొమ్మలు ఇచ్చి, "సూది ఎక్కడ?" అని అడిగారు.

యంత్రం ఎలా రాసింది? సూది మొన ఉన్నచోటుకూ అది చెప్పిన చోటుకూ సగటున 2.80 మిల్లీమీటర్ల తేడా వచ్చింది. సూది వాలులో తేడా సగటున 0.98 డిగ్రీ. మీ స్కేలు తీసి చూడండి, 2.80 అంటే మూడు చిన్న గీతల కన్నా తక్కువ. దోసకాయ పాఠంలో నేను జ్ఞాపకం ఉంచుకోమన్న అంకె 3 గదా! అంటే యంత్రం తప్పు ఇంచుమించు ఒక్క పొర మందమన్నమాట. ఇక వాలు సంగతి. ఒక డిగ్రీ తేడాతో 10 సెంటీమీటర్ల లోతుకు పోతే దారి 1.7 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. కోణమానినితో గీసి చూసుకోండి.

కొన్ని మచ్చలు శెనగగింజంతే ఉంటాయి. వాటికి 2.80 మిల్లీమీటర్లు తక్కువేమీ కాదని మీరు అడగవచ్చు. అడగవలసిందే! సగటు 2.80 అంటే కొన్నిచోట్ల తక్కువా, కొన్నిచోట్ల ఎక్కువా అని అర్థం. అయితే సూది నిలువుగా కొంచెం ముందుకో వెనక్కో ఉన్నా, దాని గాడి పొడుగుపాటిది గనక మచ్చ అందులో పడే అవకాశం ఉన్నది. సూది పక్కకు జరిగితేనే ఎక్కువ ప్రమాదం.

దీనికి తోడు వాళ్లు ఇంకొక పరీక్ష పెట్టారు. మొదటి మనిషి పెట్టిన గుర్తులు చూడనివ్వకుండా రెండో మనిషిచేత కూడా గుర్తులు పెట్టించారు. మనుషులిద్దరి గుర్తులకు మధ్య కూడా తేడా వచ్చింది! యంత్రం తప్పు ఇంచుమించు ఆ తేడా పాటిదే అని తేలింది. ఒకే వ్యాసానికి ఇద్దరు పరీక్షాధికారులు వేరు వేరు మార్కులు వెయ్యటం నా ఉద్యోగకాలంలో ఎన్నోసార్లు చూశాను. కనక ఈ మాట విన్నప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. నల్లని నీడలో మొన కచ్చితంగా ఇక్కడే అని చెప్పటం మనిషికి కూడా కష్టమే.

మరి నీడ వేరు, అసలు సూది వేరు అన్నాను గదా? ఆ సంగతి కూడా వదిలిపెట్టలేదు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కొందరు పరిశోధకులు, ఏ వాలున సూది ఉంటే ఎలాటి నీడ పడుతుందో భౌతికశాస్త్రం ప్రకారం లెక్కకట్టి, అలా తయారుచేసిన బొమ్మలతో యంత్రానికి పాఠం చెప్పారు. నీడను చూసి అసలు సూది ఎక్కడుంటుందో చెప్పటం ఈ పాఠం ఉద్దేశం. ఆ ఫలితాలు 2021లో వెలువడ్డాయి.

చెయ్యి ఎవరిది?

ఇదంతా చదివి, ఇక డాక్టర్లతో పని లేదనుకునేరు! ఈ యంత్రం సూదిని పట్టుకోదు. "సూది ఇక్కడ ఉన్నది," అని బొమ్మలో గీత గీసి చూపుతుంది, అంతే. ఆ గీతను నమ్మాలా వద్దా, సూదిని ముందుకు తొయ్యాలా వెనక్కు తియ్యాలా అని నిర్ణయించవలసినది డాక్టరే. తాను నేర్చుకున్న బొమ్మలకు భిన్నమైన బొమ్మ వస్తే, వేరేరకం సూది వాడితే, యంత్రం ఏమాత్రం తడబడకుండా తప్పు చెప్పగలదు. తెలియనప్పుడు "తెలియదు" అనటం మనిషికే కష్టమైన విద్య. యంత్రానికి దాన్ని నేర్పటం ఇంకా కష్టం.

ఇంకొక మాట. యంత్రం నేర్చుకున్నదని మనం మెచ్చుకుంటున్నాం. కాని దానికి పాఠం చెప్పినవాళ్లు మనుషులు. ఓపికగా కూచుని వందలకొద్దీ బొమ్మల్లో గుర్తులు పెట్టినవాళ్లు మనుషులు. పాఠ్యపుస్తకం ఎవరు? నొప్పినీ భయాన్నీ ఓర్చుకుని ఆ యంత్రంలో కదలకుండా పడుకున్న 71 మంది రోగులు. వారి పేర్లు మనకు తెలియవు. వారి బొమ్మలవల్ల నేర్చుకున్న పాఠం, వారు ఎన్నడూ చూడని ఇంకొక రోగికి ఉపయోగపడుతుంది.

మా డ్రిల్లు మాస్టారికి నేను ఈ సంగతి చెబితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "గురి నేర్పటానికి అన్నిసార్లు దిద్దారన్నమాట. నేను పిల్లలకు బంతి విసరటం కూడా అలాగే నేర్పాను గదా, మాస్టారూ!" అన్నాడు.

ఈసారి మీ కాలిలో ముల్లు గుచ్చుకుని అమ్మ పిన్నీసు తీసినప్పుడు, ఆమె కళ్లు ఎక్కడ చూస్తున్నాయో గమనించండి. ఒకసారి ముల్లు వంక, ఒకసారి పిన్నీసు మొన వంక చూస్తుంది. ఒంటి లోతుల్లో డాక్టరు కూడా అలా చూడగలగాలని ఇంతమంది ఇన్నేళ్లుగా పాటుపడుతున్నారు. మీరు మటుకు అప్పుడు కదలకండి!

ఈ నెల చేసి చూడండి: దోసకాయ పాఠం ఎలాగూ చేస్తారు. దానితోపాటు ఒక దిక్సూచిని బల్లమీద పెట్టి, ఇనప మేకును దూరం నుంచి మెల్లిగా దగ్గరికి జరపండి. ముల్లు ఎంత దూరంలో కదలటం మొదలుపెట్టిందో స్కేలుతో కొలిచి రాసుకోండి. మేకు ముల్లును తాకనే లేదు, అయినా చుట్టూ ఉన్న అయస్కాంత బలాన్ని చెదరగొట్టింది. ఎమ్.ఆర్.ఐ. గదిలో సూది తనకన్నా లావైన నీడ వెయ్యటానికి కారణం మీకు అప్పుడు బాగా బోధపడుతుంది.